బోర్డు మీద కుల్సుంబీ పేరు

లైబ్రరీ సారుకు దండాలు. కోపంలో రాస్తాండాను, తప్పులుంటే దిద్దుకోండి.

మీరు రోజూ బోర్డు మీద ‘చరిత్రలో ఈ రోజు’ రాస్తారు. యాడో యుద్ధం మొదలైంది, ఎవరో రాజు పుట్టినాడు అని. దాని కింద నేను ‘ఆదోని బస్సు టయానికి వచ్చిన రోజు’ అని రాస్తే రెండు దినాలు చెరపకుండా నవ్వుకున్నారు.

ఈ పొద్దు నిజం రాసినాను. ‘మంత్రసాని కుల్సుంబీ మొదటి కాన్పు చేసిన రోజు’ అని. ఆ మొదటి బిడ్డను నేనే. నా తర్వాత మన ఎమ్మిగనూరులో ఎంతమందికి పురుడు పోసిందో ఆమెకే లెక్క తెలీదు. ఆమె పుట్టిన దినమూ ఆమెకు తెలీదు, ఆధార్‌లో జనవరి ఒకటి వేసినారు. అందుకే నా పుట్టినరోజు మీద ఆమె పేరు రాసినాను.

ఆమెకు చదువు రాదు. మనవరాలు మహజబీన్ చదివి వినిపిస్తాదని ఇద్దరినీ నా ఆటోలో పిల్చకొచ్చినాను. చూస్తే మీరు రాసింది మాత్రమే ఉండాది, నాది తడిగుడ్డతో తుడిచేసినారు.

“నీ పేరు లేదు నానీ” అనింది మహజబీన్ వాళ్ళ అవ్వతో.

“ఈ వయసులో నాతో గూడా తమాషానా నాయనా?” అనింది కుల్సుంబీ. పోయి ఆటోలో కూర్చునింది.

అబద్ధాలు ఉంచి నిజాన్ని తుడిస్తే ఎట్లా సార్? నేను రాస్తే ఇంక ఆమె నమ్మదు. రేపు పొద్దున మళ్ళీ పిల్చకొస్తాను, మీ చేత్తో మీరే రాసి పెట్టండి.

తేదీ దాటిపోతాదని సాకు చెప్పొద్దండి. నన్ను బయటికి తీసేకి ఆమెకు రెండు దినాలు పట్టింది.