ఉలిగప్పను ఖాళీ చేయించడం

ధర్మవరం, 1960 మే 2. ఉదయం 6.
నిర్ణయం అయిపోయింది. మా ఇంటి ముందుగదిలో అద్దెకున్న బ్యాండు మేళం ఉలిగప్పను పది రోజుల్లో ఖాళీ చేయిస్తాను.
కారణాలు: పొద్దున లేస్తే క్లారినెట్టు. అతను పైస్థాయి అందుకున్నప్పుడల్లా నేను మగ్గం మీద ఉలిక్కిపడతాను, పట్టుపోగు తెగుతుంది. నేస్తున్నదేమో ఒక షావుకారు కూతురి పెళ్ళిచీర. పన్నెండో తేదీకి హిందూపురం చేర్చకపోతే ఆ షావుకారు ఇక నా గడప తొక్కడు.
ఈ రోజే చెబుతాను. ఎంత హాయిగా ఉందో!

సాయంత్రం 5.
చెప్పలేదు. బావి దగ్గర అతనే అడిగాడు.
"సుబ్బన్నా, నా వాయింపుతో నీకేమన్నా తొందరా?"
"నాకేం తొందరలేదప్పా, నిదానంగానే నేస్తాండా" అన్నాను.
సంతోషంగా వెళ్ళిపోయాడు. అతనిది హిందూపురం వైపనీ, అక్కడ కన్నడం కలిసి, ఇబ్బందిని తొందర అంటారనీ నా భార్య నీలావతి ఆ తర్వాత చెప్పింది.

మే 4. ఉదయం 7.
తలుపు గట్టిగా కొట్టాను. "అప్పా, నీ గది..." అన్నాను.
"గది శానా బాగుండాది సుబ్బన్నా. గోడలు సుతి పట్టుకుంటాండాయి" అంటూ చెంబుడు కాఫీ చేతిలో పెట్టాడు.
ఒకరి కాఫీ తాగుతూ ఖాళీ చేయమనడం మర్యాద కాదు. రేపు.

మే 7.
ఒక్క పోగూ తెగలేదు. పైస్థాయి ఎక్కడొస్తుందో నా కాళ్ళకు తెలిసిపోయింది. దాన్ని బట్టి మగ్గం తొక్కుతున్నాను. రెండు రోజుల నేత ఒక్క రోజులో అయింది. ఇది లొంగిపోవడం కాదు, చీర అయ్యేదాకా వాయిదా.
నీలావతి: "నిన్న ఆయప్ప వాయించకుంటే, ఒళ్ళు బాగలేదా అని నువ్వే పోయి అడిగినావంట?"
అడిగాను. పొరుగువాణ్ణి అడగకూడదా?

మే 12. హిందూపురం, ఉదయం 8.
చీర ఇచ్చాను. షావుకారు అంచు రెండుసార్లు తడిమి, ఇంకో చీర చెప్పాడు.
పెళ్ళి పందిట్లో చూస్తే బ్యాండు ఉలిగప్పదే. డ్రమ్ము వాయించే చౌడప్ప జ్వరంతో అరుగు మీద పడి ఉన్నాడు. ఊరేగింపు అరగంటలో.
ఉలిగప్ప నా చేయి పట్టుకున్నాడు. "నీ మగ్గం దెబ్బ దినామూ ఇంటాండా. యాడా తాళం తప్పవు నువ్వు. డ్రమ్ము ఎత్తుకో సుబ్బన్నా. లేకుంటే నా మేళాన్ని ఇంగ ఎవురూ పిలవరు."
అతను కూడా నన్ను వింటున్నాడని నాకు తెలియదు.

మధ్యాహ్నం 12.
నాకు తొడిగిన చౌడప్ప ఎర్రకోటులో నాలాంటి వాళ్ళు ఇద్దరు పడతారు. మొదటి వీధిలో సిగ్గు. రెండో వీధిలో పెళ్ళికొడుకు మేనమామ నా ముందు చిందేశాడు. మూడో వీధిలో పాట అయిపోయినా నేను ఆపలేదట.

మే 14. ధర్మవరం, ఉదయం 8.
జ్వరం తగ్గినా చౌడప్పకు నీరసం. కొన్నాళ్ళు మా పంచలో ఉండమంది నీలావతి. అతనికి తోడని బాకా ఊదే కుళ్ళాయప్ప కూడా దిగాడు. పొద్దున్నే ఊదాడు. నాలుగు పోగులు తెగాయి.
నిర్ణయం అయిపోయింది. నెలాఖరుకల్లా ముగ్గురినీ ఖాళీ చేయిస్తాను. ఈసారి మొహమాటం లేదు. ఇప్పుడే చెబుదును గానీ, పదింటి రైలుకు పెనుకొండ పెళ్ళికి పోవాలి. డ్రమ్ము లేకుండా వాళ్ళు మాత్రం ఎట్లా వాయిస్తారు?