మంట వదలని చేతులు

2020 జనవరి 20

బ్రాడీపేటలో నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగ్ మొదలైంది. రెండు నెలలు క్లాసులు, తర్వాత రెండు నెలలు హాస్పిటల్లో ప్రాక్టికల్. పాసైతే అక్కడే ఉద్యోగం. అమ్మ నా తెల్లకోటు చూసి డాక్టరమ్మా అని వెక్కిరించింది. లోపల మురిసిపోయిందిలే.

మార్చి 24

లాక్‌డౌన్. సెంటర్ మూసేశారు. వారంలో తెరుస్తామని సార్ మెసేజ్.

జూలై 9

ఆ వారం ఇంకా అవలేదు. ఫోన్లోనే క్లాసులు. సిగ్నల్ మా చేను గట్టు మీదే అందుతుంది. బీపీ చూడటం వీడియోలో చూశాను. మంచమ్మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడమూ వీడియోలోనే. ఒక్క పేషెంట్‌నీ ముట్టుకోలేదు. ఫోన్లో ఈత నేర్చుకున్నోణ్ణి కాలవలో దింపితే ఏమవుతాడే అని పక్కచేను బాపయ్య బాబాయి అడిగాడు. నవ్వు రాలేదు. భయమేసింది.

నవంబర్ 30

ప్రాక్టికల్‌కి రమ్మని సెంటర్ నుంచి ఇంకా ఫోన్ రాలేదు.

2021 ఫిబ్రవరి 15

రేపే టెస్ట్ అట! ప్రాక్టికల్ లేదు, నేరుగా టెస్టే. ఏడాది ఆగి ఒక్కరోజు ముందు చెబుతారా? అప్పటికే సాయంత్రం దాకా మిరపకాయ కోసి వచ్చాను. వీడియోలన్నీ మళ్లీ చూస్తున్నాను. ఒక్కటీ బుర్రకెక్కట్లేదు.

ఫిబ్రవరి 16, మధ్యాహ్నం 3

అంతా పోయింది.

టెస్ట్ హాస్పిటల్ వార్డులోనే. శ్యామలాంబ గారని రిటైర్డ్ టీచర్, తుంటి ఆపరేషన్ అయి పడుకుని ఉన్నారు. తడిగుడ్డతో ఆవిడ ముఖం తుడవాలి. అంతే. గ్లవ్స్ అయిపోయాయన్నారు. సబ్బుతో రెండుసార్లు కడిగాను కదా, చాల్లే అనుకున్నాను. కళ్ల దగ్గర తుడవగానే ఆవిడ కెవ్వున అరిచారు. మంట, మంట అన్నారు. నాకసలు అర్థం కాలేదు. కోతల రోజుల్లో మా ఇంట్లో అందరి చేతులూ ఇంతే. అలవాటైపోయి ఆ మంట ఎవరికీ తెలియదు.

హెడ్ నర్సు రెబ్కా సిస్టర్ పరుగున వచ్చి ఆవిడ కళ్లు కడిగింది. తర్వాత నా వేళ్లు వాసన చూసి, మిరపచేలోంచి తిన్నగా వార్డులోకొచ్చావా తల్లీ అంది. ఏడ్చేశాను. ఇరవయ్యారున ఇంకొక్క ఛాన్స్, అదే ఆఖరు, అప్పటిదాకా కాయ ముట్టుకోకు అంది.

ఫిబ్రవరి 19

కోత మధ్యలో పది రోజులా! అమ్మ ఒక్కతే కోస్తోంది. కూరలోకి పచ్చిమిరపకాయ కూడా తుంచనివ్వదు, వడ్డించింది తినవే అంటుంది. సిగ్గుగా ఉంది. గంటకోసారి వేలు నాలుక్కి తాకించి చూస్తున్నాను. మంట లేదు. నా నాలుకని నమ్మొచ్చా?

ఫిబ్రవరి 25, సాయంత్రం

వాన. కాయంతా కల్లంలో ఆరబోసి ఉంది. బిందూ, నువ్వు దిగావంటే కాళ్లిరగ్గొడతానే అని అరుస్తూ అమ్మ ఒక్కతే కాయ మీదకి పట్టాలు లాగి కప్పింది. నేను చేతులు చంకల్లో దాచుకుని వసారాలో నిలబడ్డాను. సగం కాయ తడిసిపోయింది. నేను కదల్లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

ఫిబ్రవరి 26

పాసయ్యాను. సోమవారం నుంచి డ్యూటీ. అమ్మకి చెప్పాను. నా చేతులు పట్టుకోబోయింది. సగంలో ఆగి, తన చేతులు వెనక్కి పెట్టేసుకుంది.