పున్నమి స్నో

మార్చి 4, ఉదయం

రాత్రి గాలికి కింద మొబైల్ షాపు ఫ్లెక్స్ చిరిగిపోయింది. వెనక నాన్న కాలం నాటి రేకు బోర్డు బయటపడింది. పున్నమి స్నో. నాన్న వెనక గదిలో కలిపి సీసాలకెత్తి అమ్మిన క్రీము. ఎడమ పక్క నల్లగా, మూతి ముడుచుకున్న పిల్ల, కింద 'ముందు'. కుడి పక్క తెల్లగా, పళ్లన్నీ బయటపెట్టి నవ్వే పిల్ల, కింద 'తరువాత'. నల్లపిల్ల నేను. తెల్లపిల్ల నా చెల్లెలు అలేఖ్య.

నాన్న పోయాక ఫ్లెక్స్ కట్టించింది నేనే. పీడ విరగడైందనుకున్నాను. చావలేదు దరిద్రం, ఫ్లెక్స్ వెనక భద్రంగా ఉంది.

మార్చి 4, సాయంత్రం

గాజువాకంతా ఇక్కడే. సెల్ఫీలు. టైలర్ దుర్గారావు కింద నుంచి కేకేసి, ఏటే ముందూ, నీ బొమ్మ మల్లీ లేసింది సూసావా అన్నాడు. నాకు ముప్ఫై ఎనిమిదేళ్లు. స్కూల్లో లెక్కలు చెప్తాను. బోర్డెక్కినప్పుడు ఎనిమిదేళ్లు. అప్పట్నుంచి ఈ వీధిలో నాగశ్రీ అంటే ఎవరికీ తెలీదు. ముందు అంటే చంటిపిల్లాడైనా ఇల్లు చూపిస్తాడు. పెళ్లిచూపులకొచ్చినవాళ్లకీ అలాగే చూపించారు. వాళ్లు బోర్డు చూసి, నన్ను చూసి, కాఫీ తాగి, తరువాతకి పెళ్లైపోయిందా అని అడిగి వెళ్లారు.

నాన్న మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది.

మార్చి 6

అలేఖ్య ఫోన్. ఎన్నాళ్లకో. ఉద్యోగం ఊడిన మా మరిది సన్నీ రుషికొండలో కేఫ్ పెడుతున్నాడట, అంతా వింటేజ్ థీమట. గుమ్మం పక్కన ఆ బోర్డు కావాలట. ఇదొక్కటి క్లిక్కయితే బతికిపోతామక్కా అంది. ఇవ్వనన్నాను. ఏటక్కా నువ్వు, ఇప్పుడదంతా క్యూట్ కదా అంది.

క్యూటట! తరువాతకి ఏదైనా క్యూటే.

మార్చి 7

ఇచ్చేది లేదు.

మార్చి 11

స్వయంగా వచ్చింది, కూతుర్ని వెంటేసుకుని. ఆశకి ఆరేళ్లు. నా రంగు, నా ముక్కు, నా నుదురు. అలేఖ్య కడుపున నేను పుట్టాను. దేవుడికి భలే సరదా. పిల్ల బోర్డు కింద నిలబడి, ఇది నువ్వే కదా పెద్దమ్మా, ఏడుపుమొహం ఎందుకు పెట్టావ్ అంది. పెట్టమన్నారు అన్నాను.

అలేఖ్య కాళ్లబేరానికొచ్చింది. ఏడ్చింది. ఏడుస్తూ కూడా అందంగానే ఉంది. అయినా ఆ పూట నాకు చాలా బాగుంది. రెండుసార్లు టీ పెట్టిచ్చి, రెండుసార్లూ కుదరదన్నాను. ఫొటో చూసి కొత్తది వేయించుకుంటే నా మొహం వాడినందుకు కేసు పెడతానన్నాను. లాయర్ పేరు కూడా అప్పటికప్పుడు పుట్టించాను.

మార్చి 14

వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్. నీ మొహం నువ్వే దాచుకో అక్కా. ఆదివారం పెయింటర్ పైడయ్య వస్తన్నాడు, మనల్ని ఏసినాయనే. 'ముందు'కి ఆశని కూకోబెడతాను, అచ్చు నీలాగే ఉంది కదా. మనసైతే ఈలోపు ఆ రేకు పంపు. అదీ మెసేజ్.

వట్టి బెదిరింపు. ఏ తల్లీ చెయ్యదు.

మార్చి 15

అలేఖ్య చేస్తుంది.

మార్చి 16

రేకు ఊడదీయించి మేడ మీదికి తెప్పించాను. దుప్పటి చుట్టాను. రేపటికి ఆటో మాట్లాడాను.

మార్చి 17, ఆదివారం

రుషికొండ వెళ్లాను. రేకు తీసుకెళ్లలేదు. ఆటో అబ్బాయి లగేజీ ఏదీ అన్నాడు, లేదన్నాను. ఎందుకన్నానో ఇక్కడ కూడా రాసుకోకపోతే ఇంకెక్కడ రాస్తాను. ఆ మొహం ఎవరో ఒకరు మొయ్యాల్సిందే అయితే, నేను ముప్ఫై ఏళ్లు మోశాను. చాలు.

ఆశని ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టారు. దానికదో ఆట, కాళ్లూపుకుంటూ ఒకటే నవ్వు. నవ్వకే, పాడైపోద్ది అని అలేఖ్య అరుస్తోంది. ఉన్న పౌడరు తుడిచేసి, నల్లగా నిగనిగలాడేలా మొహానికి నూనె రాసింది. పైడయ్య ముసలాడైపోయాడు. నన్ను చూసి, మీ పాపేటమ్మా అన్నాడు. కాదు, తరువాతగారి పాప అన్నాను. నాకేటి తెలుసమ్మా, నాను కూకోబెట్టినోల్లని ఏత్తాను, అంతే అన్నాడు.

అలేఖ్య రేకు తెచ్చావా అని అడిగింది. లేదన్నాను. దువ్వెన నా చేతిలో పెట్టింది. అయితే దీనికి జడలెయ్యి, నీకెలా ఉండేవో నీకే తెలుసు అంది.

వేశాను. నూనె కారేలా, బిగించి. చిక్కులో దువ్వెన పడి పిల్ల అబ్బా అని మొహం ముడుచుకుంది. అదే, అదే, అలాగుంచు తల్లీ అన్నాడు పైడయ్య.

కావాలని లాగలేదు. ఇక్కడ రాసినంత మాత్రాన నమ్మేదెవరు? నేనే నమ్మను.

ఏప్రిల్ 5

కేఫ్‌కి జనం విరగబడుతున్నారట. ఎక్కడ చూసినా రీల్సే. ఎడమ పక్క కూతురు, కుడి పక్క చిన్నప్పటి తల్లి. మా రేకుని పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. మడతపెట్టి కాలితో తొక్కాడు. బాల్కనీలో నిలబడి అంతా చూశాను.

జాకెట్టు తెచ్చుకోడానికి వెళ్తే దుర్గారావు, రండి నాగశ్రీ మేడమ్ అన్నాడు. ఫోన్‌లో ఆశ బొమ్మ చూపించి, ఈ ముందు మీ మేనకోడలేనేటి అని నవ్వాడు. చెల్లెలి కూతురని సరిదిద్దాను. నేనూ నవ్వాను. దారిలో జిలేబీ కొనుక్కున్నాను.

ఏప్రిల్ 12

ఆశ ఫోన్ చేసింది, వాళ్లమ్మకి తెలీకుండా. బళ్లో తనని ఏమని పిలుస్తున్నారో చెప్పింది. నిన్నలా పిలవడం ఎప్పుడు మానేశారు పెద్దమ్మా అని అడిగింది.

నీ బొమ్మ ఎక్కినప్పట్నుంచి అన్నాను.