ఇంకొకరి ఖాతా

సీతారాండేరా, జంషెడ్‌పూర్
జూన్ 4

ప్రియమైన ఉమకు,

ఫోనులో అడిగితే పెట్టేస్తున్నావని రాస్తున్నాను. మా చెల్లి సౌజన్యకు ఆదిత్యపూర్ సంబంధం దాదాపు కుదిరింది. అబ్బాయి నాగేంద్రబాబు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌నంటున్నాడు. నిజమో కాదో మాకెలా తెలుస్తుంది? అతని ఖాతా మీ బ్యాంకులోనే ఉంది. విశాఖలో రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేదానివి, ఒక్కసారి తెరిచి జీతమెంత పడుతోందో చూడ్డానికి నీకేం అడ్డం? "కోడలు బేంకులో ఉండి ఏటి లాభం?" అని అమ్మ కూడా అంటోంది.

నీ జవాబు కోసం చూస్తూ,
బలరామ్

విశాఖపట్నం
జూన్ 11

ప్రియమైన మీకు,

చూడను. మీకు కోపమొస్తుందని తెలుసు. నాకూ వచ్చింది.

మా ఫోన్లు కూడా బయట పెట్టి లోపలికి వెళ్తాం. ఖాతాదారు సాయమడిగితే తప్ప ఏ ఖాతా తెరవకూడదు. తెరిచినా నంబరులో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు తెరిచారో సిస్టమ్ రాసిపెట్టుకుంటుంది. ఆ రాత మేము చెరపలేం. ఉద్యోగం పోతుందన్న భయం ఒక్కటే కాదు. బయటి దొంగలకు ఎన్ని తాళాలు వేస్తే ఏం, లోపల కూర్చున్న మేమే కక్కుర్తి పడితే? ఖాతాలో జీతమొక్కటే ఉండదు, మనిషి బతుకంతా ఉంటుంది. జీతమెంతో అబ్బాయినే అడగండి.

మీ ఉమ

జంషెడ్‌పూర్
జూన్ 19

ఉమామహేశ్వరికి,

నా చెల్లెలి జీవితం కన్నా ఎవడో ముక్కూమొహం తెలియనివాడి ఖాతా నీకు ఎక్కువైంది. దాన్నే కాపలా కాసుకో. ఇక ఫోను చెయ్యకు.

బలరామ్

జంషెడ్‌పూర్
జులై 23

ప్రియమైన ఉమా,

చించెయ్యకుండా చదువు.

పోయిన ఆదివారం నాగేంద్రబాబు వాళ్ళు ముహూర్తం మాట్లాడ్డానికి వచ్చారు. టీలయ్యాక అతని మేనమామ సౌజన్యను సూటిగా అడిగాడు: "ఏటమ్మా, నెలనెలా ఆ మతి డాక్టరుకి డబ్బులెందుకు పంపుతన్నావు?"

నాన్న పోయినప్పటి నుంచి నిద్ర పట్టక అది మందులు వాడుతోందట. ఆ సంగతి నాకే తెలియదు. సౌజన్య ఖాతా ఉన్న బ్యాంకులోనే ఆ మేనమామ పని చేస్తాడు. అమ్మ తల దించుకుంది. సౌజన్య మాత్రం లేచి నిలబడింది.

"నా జబ్బు సంగతి నేనే సెప్పీదాన్ని. నా ఖాతా తెరవమని మీకెవులు సెప్పినారు?" అంది. ఈ సంబంధం వద్దని అదే చెప్పి పంపేసింది.

నా ఒళ్ళు మండిపోయింది. మర్నాడే ఇద్దరం ఆ బ్యాంకు జుగ్సలాయి బ్రాంచికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాం. నువ్వు రాసింది నిజం, ఆయన దాని ఖాతా మూడుసార్లు తెరిచినట్టు సిస్టమ్‌లో ఉంది. నిన్న మమ్మల్ని మళ్ళీ పిలిచి ఆయన్ని సస్పెండ్ చేశామని చెప్పారు. మేనేజరు క్షమాపణ అడిగినా నా కోపం చల్లారలేదు. ఆటోలో దారి పొడుగునా ఆ మనిషిని తిడుతూనే ఉన్నాను. తిడుతూ తిడుతూ ఒకచోట ఆగిపోయాను. నేను నిన్ను చెయ్యమన్నదీ ఇదే కదా.

నీకు రాసిన సంగతి సౌజన్యకు చెప్పేశాను. ఆటో దిగాక అంది: "ఒదిన గాని ఆ ఖాతా తెరిసుంటే, ఆ మనిసిని నేను ఏ మొకం పెట్టుకుని అడుగుదునన్నియ్యా?"

శనివారం రైలెక్కుతున్నాను. తిట్టాలనుకున్నదంతా ఎదురుగానే తిట్టు.

నీ
బలరామ్