తడికె చాటు నీలిపిట్ట

నరసరావుపేట,
14 మే 1946, మంగళవారం

చిరంజీవి కోటేశ్వరరావుకు నాయనమ్మ దీవెనలు. ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు కూనూరు నుంచి పంపిన నీలిపిట్ట క్షేమంగా లేదు. అందుకే ఇవాళే రాస్తున్నాను.

పాడుతోందా అని అడిగావు. లేదు. మంచు కారే కొండలోయల్లో, తడి ఆకుల కింద బతికే పిడికెడు ప్రాణాన్ని నడివేసవిలో పలనాటికి పంపి, పాట ఎలా వస్తుందనుకున్నావు? నోరు తెరిచి రొప్పుతోంది. పంజరం చుట్టూ వట్టివేళ్ల తడికె కట్టి నీళ్లు చల్లుతున్నాం. తడికె తడిసినప్పుడు మాత్రం సన్నగా రెండు కూతలు కూస్తుంది. వాన వచ్చిందనుకుంటుంది కాబోలు. ఆరగానే మళ్లీ మూగదవుతుంది.

మొదట ఊరపిచ్చుకకు వేసినట్టే కొర్రలు వేశాం. ముట్టలేదు. అది పురుగులు తినే పిట్ట అని నీ భార్యే కనిపెట్టింది. పెరట్లో పుట్టను గునపంతో పగలగొట్టి చెదలు ఏరి పెట్టింది. గోడ మీంచి చూసిన పక్కింటి నాంచారమ్మ ఊరుకుంటుందా?

"ఏమే అనసూయా, పిల్లల కోసం పాలు పోసే పుట్టనే తవ్వుతున్నావా! ఇంకేం కడుపు పండిద్ది నీకు?"

"మొగుడు కొండల్లో కూకుంటే పుట్ట మాత్రం ఏం చేసిద్ది పిన్నీ?"

నేను అనసూయను మందలించలేదు. పెళ్లయి మూడేళ్లు. నీ ఉత్తరం నిండా పిట్టే. ఆమె పేరు చివరి వరుసలో ఉంది, అదీ పిట్టను చూసుకోమని చెప్పడానికి. అక్కడి చలికి ఆమె తట్టుకోలేదని ప్రతిసారీ రాస్తావు. ఇక్కడి ఎండకు ఈ పిట్ట తట్టుకుంటుందని నీకెవరు చెప్పారు?

ఇంతవరకు రాయనిది ఇప్పుడు రాస్తున్నాను. నిన్న అనసూయ పుట్టింటికి పెట్టె సర్దుకుంది. "ఈ పిట్ట నా చేతిలో చస్తే చూళ్లేను నాయనమ్మా. నన్ను ఆపబాక" అంది. ఆ గడప దాటితే మళ్లీ మన ఇంటికి రాదు, నాకు తెలుసు. పెట్టె లాక్కున్నాను. పుట్టింటికి కాదు, పిట్టతో సహా నీ దగ్గరికే గురువారం బయలుదేరుతున్నాం. ఇక జరగవలసినవి:

1. ఆదివారం కొండరైలుకు నువ్వే రావాలి. బంట్రోతును పంపితే స్టేషను నుంచి కదలను.
2. ఇల్లు దొరకలేదన్న మాట ఇక వినను. నీ గది చాలు. నేనున్నన్నాళ్లూ నువ్వు వసారాలో పడుకో.
3. పిట్టను పట్టిన లోయలోనే వదలాలి. దారిలో చనిపోతే అక్కడే నీ చేత్తో పూడ్చాలి.
4. నా తిరుగు ప్రయాణానికి ఒక్క టిక్కెట్టే కొనాలి.

ఇట్లు,
కోపం తగ్గని నీ నాయనమ్మ,
కోటమ్మ