అట్టపెట్టె మీద మూడక్షరాలు

బుధవారం, తెనాలి.

ఢిల్లీ నుంచి కోర్టు నోటీసు వచ్చి నాలుగు రోజులైంది. చీకటీ వెలుగూ తేటగా చూపించే హెచ్‌డీఆర్ పద్ధతికి పేటెంట్ ఒక పెద్ద కంపెనీదట. నా షాపులో బిగించే టీవీల్లో అనుమతి లేకుండా దాన్ని వాడానని ఆ కంపెనీ దావా వేసింది. ఆధారం, నా టీవీ అట్టపెట్టె ఫొటో.

ఇవాళ బాపట్ల వెళ్లి లాయరు గారికి నిజం చెప్పేశాను. "ఆ టీవీల లోపలి బోర్డుల్లో హెచ్‌డీఆర్ లేనే లేదండి. అందరూ వేస్తున్నారని పెట్టె మీద ఆ మూడక్షరాలు నేనూ అచ్చేయించానండి."

ఆయన నవ్వారు. నవ్వడానికేముందో. "ఇంకేంటండి, అదే అఫిడవిట్‌లో రాసి సంతకం పెట్టండి. కేసు నిలవదు."

ఆయన రాయించిచ్చిన కాగితం సంతకం పెట్టకుండానే మడిచి జేబులో పెట్టుకొచ్చాను. దొంగను కానని రుజువు చేసుకోవాలంటే, నా దగ్గర కొన్నవాళ్లందరికీ అబద్ధం చెప్పానని రాసివ్వాలి. ఆలోచించే ఓపిక కూడా లేదు.

బస్సు దిగుతుంటే రేపల్లె నుంచి బావ ఫోను. పోయినేడు నా టీవీయే కొన్నాడు.

"ఎదురింటాయనకి మన టీవీలో బొమ్మ నచ్చిందిరా. హెచ్‌డీఆర్ అంటే నమ్మడేమోనని, దాచి ఉంచిన పెట్టె కూడా తీసి చూపించా. ఆయనకీ ఒకటి పంపు."

పంపుతానన్నాను.