రాజుగారికి కుట్టిన నత్తి

పదకొండో తారీఖు, సోమవారం పొద్దున
షాపు నుంచి

చిన్ననాటి స్నేహితుడు పొడుగోడికి,

ఇక్కడ నేను, మీ చెల్లెమ్మ, కుట్టుమిషను ముగ్గురం క్షేమం. నువ్వు క్షేమమని గోడమీద పోస్టరు చెప్పింది. దుస్తుల విభాగం అంటూ నీ పేరు చీమ తలకాయంత వేశారు. కళ్లద్దాలు తుడుచుకుని మరీ చదివాను.

ఆ నత్తి రాజు సినిమా పది రోజుల కిందట మ్యాట్నీకి చూశాం. రాజుగారి అంగీలు మూడూ నా చేతి కుట్టే కదా, ఎలా కూర్చున్నాయో చూద్దామని వెళ్లాను. భుజాల దగ్గర బాగానే కూర్చున్నాయి. అంతకంటే బాగా నా నత్తి నోరు ఆయన మొహం మీద కూర్చుంది. మాట అడ్డం పడ్డప్పుడల్లా రాజు ఎడమ కన్ను మూసి, బొటనవేలితో తొడ మీద కొట్టుకుంటాడు. హాలంతా నవ్వింది. మీ చెల్లెమ్మ నవ్వలేదు. చీకట్లో నా బొటనవేలు పట్టుకుని కూర్చుంది.

నువ్వు కొలతలకని పంపిన ఆ హీరోగారు పన్నెండుసార్లు ఎందుకొచ్చాడో అప్పుడు తెలిసింది. మనిషికి చేతులు పన్నెండుసార్లు పెరుగుతాయా అని నేనే అడగాల్సింది. స్టూలు మీద కూర్చుని, ఇంకా చెప్పండి మాస్టారూ అనేవాడు. యాభై నాలుగేళ్లలో నా మాట పూర్తయ్యేదాకా ఆగిన పెద్దమనిషి ఇతనొక్కడే అని మురిసిపోయాను. అతను ఆగింది మాట కోసం కాదురా, మాట ఎక్కడ ఆగుతుందో చూడ్డానికి.

నత్తి పోతే పోయింది. ఎంతమంది ఎత్తుకుపోయినా తరగని ఆస్తి నాకదొక్కటే. కానీ కొలతలు చెప్పేటప్పుడు మాత్రం నాకు నత్తి రాదని నీకు తెలుసు. టేపు పట్టుకుంటే చాలు, ఛాతీ ముప్పయ్యెనిమిదీ, నడుమూ ముప్పయ్యారూ అని ఎక్కాల రాగంలో పాడేస్తాను. సినిమాలో గురువు రాజుకి చెప్పిన మందు అదే. రాజు ఆ రాగంలోనే కోట బురుజు మీంచి ప్రసంగిస్తాడు, జనం లేచి చప్పట్లు.

ఇప్పుడు వచ్చినవాడల్లా, మాస్టారూ ఆ రాజు పాట పాడండి అంటున్నాడు. మొన్న బ్యాంకు గుమస్తా అడిగాడు. ఛాతీ అన్నాను, 'ము' దగ్గర ఆగిపోయాను. కన్ను దానంతటదే మూసుకుంది. అచ్చం సినిమాలోలాగే చేశారండీ అని మెచ్చుకుని వెళ్లాడు. ఆ రోజు నుంచి అంకెలు కూడా పలకడం లేదు. వేళ్లు చూపిస్తుంటే మీ చెల్లెమ్మ రాసుకుంటోంది. నిన్న మూడు వేళ్లు, ఆ తర్వాత ఎనిమిది వేళ్లు చూపిస్తే పదకొండని రాసింది. ఆ చొక్కా వేసుకునేవాడు ఇంకా ఉయ్యాల్లో ఉండుంటాడు.

నీకు ఫోను చేస్తే నా మొదటి మాట బయటికి రాకముందే అందుకున్నావు. 'అవునురా, హీరోకి అన్నీ చెప్పి నేనే పంపించాను, మూడో తరగతిలో నాకు నత్తి ఉన్నప్పుడు స్కూలు ఇన్‌స్పెక్టరు ముందు నువ్వు వెక్కిరించలేదా, చెల్లుకు చెల్లు' అని పెట్టేశావు. నలభై ఆరేళ్లు దాచావన్నమాట. ఉతికి, ఇస్త్రీ చేసి మరీ.

మిగిలిన గుడ్డ ముక్కలు పార్సిలులో పంపిస్తున్నాను. ఇక మీదట రాజులకీ మంత్రులకీ వేరే దర్జీని చూసుకో.

ఇట్లు,
నిన్నటిదాకా నీ స్నేహితుడు,
కత్తెర

తా.క. ఫోనులో నోరు దాటని మాట ఒకటుంది. కాగితానికి నత్తి లేదు కాబట్టి రాస్తున్నాను. ఆ రోజు ఇన్‌స్పెక్టరు ముసలి రాజు పాఠం చదవమంటే నువ్వు 'ము' దగ్గర ఇరుక్కున్నావు. క్లాసంతా నవ్వింది. నా వంతు వచ్చినప్పుడు నేనూ అక్కడే కావాలని ఆగాను, ఆ నవ్వేదో ఇద్దరం పంచుకుందామని. నువ్వది వెక్కిరింపనుకున్నావు. నిన్ను ఒంటరిగా వదలకూడదని ఏడాదంతా అలాగే చదివాను. పెద్దయ్యాక నీది పోయింది. నాది అతుక్కుపోయింది. కాబట్టి నువ్వు సినిమాకి ఇచ్చేసింది నా నత్తి కాదురా. కొలతలు నీవే. నేను కుట్టుకుని తొడుక్కున్నానంతే.